ఉప్పు చూడు, కప్పురం చూడు

చిన్నప్పుడు బట్టీ కొట్టిన పద్యమే, ఇన్నేళ్ళూ దాని జోలికి పోలేదు. మొన్న దేవుని కడపలో అవ్వోళ్ళింట్లో పూజ సామాన్లు సర్దుతా కర్పూరం డబ్బా మూత తీస్తే లోపల నాలుగు మిరియాలు. ఇవెందుకవ్వా అంటే "అవి లేకుంటే కర్పూరం గాలికే అరిగిపోతాదిరా" అనింది. పక్కన జాడీలో గల్లుప్పు, వానకి చెమ్మ పట్టి ముద్దయింది. రెండూ తెల్లగా, పలుకులు పలుకులుగా. అప్పుడు నోటికొచ్చింది వేమన పద్యం.

ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు
చూడ చూడ రుచుల జాడ వేరు
పురుషులందు పుణ్యపురుషులు వేరయా
విశ్వదాభిరామ వినుర వేమ

మరుసటి రోజు ఎర్రముక్కపల్లి బ్రౌన్ లైబ్రరీలో కూచోని గణాలు (పాదాన్ని కొలిచే అక్షరాల గుంపులు) కట్టినా (1829లో వేమన పద్యాలు అచ్చేసిన బ్రౌన్ దొర మా కడపలోనే ఉండినాడు). ఇది ఆటవెలది అనే ఛందస్సు, 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు (పొట్టివి) రెండు ఇంద్రగణాలు (వాటికంటే పొడుగువి), 2, 4 పాదాల్లో ఐదూ సూర్యగణాలే. అందుకే మొదటి పాదం "నొక్క పోలికనుండు" అని నిదానంగా సాగితే రెండోది చిన్న చిన్న అడుగులేస్తా పోతాది. యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం కలవడం, ఇంకా బాగుంది, మొదటి పాదంలో ఉ-కి నొక్కలోని ఒ, మూడోదాంట్లో పు-కి పు, రెండోదాంట్లో మాత్రం చూ-కి జా హల్లు కుదిరినా అచ్చు కుదరదు, అందుకని ప్రాసయతి, అంటే వాటి పక్కన రెండో అక్షరాలు కలవడం, చూడ, జాడ.

కర్పూరం అనకుండా కప్పురం అన్నాడు చూడండి, ఉప్పు, కప్పు, చెవికి కూడా ఒకే పోలిక! పురుషులు, పుణ్యపురుషులు కూడా అంతే, మాట అదే, ముందర పుణ్యం చేరింది, అంతే తేడా.

నన్ను పట్టుకున్నది మాత్రం ఆ "చూడ చూడ". చూడగా చూడగా అని మామూలు అర్థం, ఒక్క చూపుకి తేలేది కాదని. కానీ మనం నాలుకతో కూడా చూస్తాం కదా, పొయ్యి మీద కూరుంటే "ఉప్పు చూడుపో" అంటాం. మొదటి చూడ కంటిది, రెండోది నాలుకది అని నాకు గట్టిగా అనిపిస్తాది, ఎందుకంటే వెంటనే వచ్చే మాట రుచులే. హారతి కర్పూరం తినేది కాదు కాబట్టి ఆ రుచి పచ్చకర్పూరందే అయ్యుండాల, గుడిలో తీర్థం తాగితే గొంతులో చల్లగా దిగుతాదే, అది.

సాయంత్రం ఇదంతా అవ్వకి చెప్పినా. గణాలు ఆమెకి పట్టలేదు, రెండో పాదం మాత్రం ఇంకోసారి చదవమనింది.