తులసి వరుసకి పీలికల దెబ్బ: ఎంత మెత్తగా, ఎన్నాళ్లు

మట్టి లేకుండా పోషకాలు కలిపిన నీళ్లలో పెంచిన తులసి ఏపుగా వస్తుంది. ఆకు వెడల్పే, కానీ నలిపితే చాలాసార్లు ఘాటు తక్కువ. ఆ ఘాటుకీ మందు గుణానికీ మూలమైన యూజినాల్, రోజ్‌మరినిక్ ఆమ్లం లాంటివి మొక్క తన రక్షణకి చేసుకునేవి. గాలీ దాహమూ తగలకుండా పోషకాలు అందుతుంటే వాటి మీద అంత ఖర్చుపెట్టదు.

ఆకుకి ఏదైనా రాసుకుంటే కణాల్లో కాల్షియం కదులుతుంది, రక్షణ మొదలుపెట్టమని చెప్పే జాస్మోనిక్ ఆమ్లం పెరుగుతుంది, కాండం పొట్టిగా గట్టిపడుతుంది. 1973లో మొక్కల శాస్త్రవేత్త జాఫ్ దీనికి థిగ్మోమార్ఫోజెనిసిస్ అని పేరు పెట్టాడు. పేరు నోరు తిరగదు గానీ పని చాలా తేలిక: ఘాటు పెంచడానికి ఆకుల్ని గుడ్డ పీలికలతో మెత్తగా తాకించడమే.

నాలుగంగుళాల పీవీసీ పైపులో 20 సెంటీమీటర్లకో మొక్క, ఈసీ (నీటిలో కరిగిన లవణాలెంతో చెప్పే మీటరు అంకె, mS/cmలో) 1.4, పీహెచ్ (ఆమ్లత్వం కొలత) 6. వేళ్లు పైపు నిండా పరుచుకునేదాకా ఆకు జోలికి పోవద్దు. కోతకి పది రోజుల ముందు వెదురు కర్రకి పాత నూలు చీర పీలికలు వేలాడగట్టి, పై రెండు జతల ఆకులకి చివర్లు తగిలేలా పొద్దునా సాయంత్రమూ పదేసిసార్లు వరుస పొడుగునా లాగాలి. మంచు ఆరాకే లాగాలి. కోనసీమ తేమలో తడి ఆకు మీద పీలికలాడితే మచ్చ తెగులు వరుసంతా అంటుకుంటుంది. లాగుతుంటే తులసి వాసన గుప్పుమందా? సంబరపడకండి, దెబ్బ ఎక్కువైంది. నూనె ఉండేది ఆకు మీది సన్నటి గ్రంథుల్లో. అవి పగిలితే దాచుకోవాల్సింది గాల్లో కలిసినట్టే.

ఘాటు కోసమే కొందరు చివరి ఐదు రోజులు లీటరుకి 1.2 గ్రాముల ఉప్పు కలుపుతారు. దాంతో ఈసీ సుమారు 2 పెరుగుతుంది. రాజోలు, అంతర్వేది వైపు బోరు నీటికే ఉప్పదనం ఉంటుంది, కాబట్టి ముందు ఉత్త నీటిని మీటరుతో చూడండి. ఒకటి దాటితే ఉప్పు ఊసొద్దు. వేసవిలో కాలువలు కట్టేశాక ట్యాంకు బోరుతో నింపితే ఈసీ దానంతటదే పైకి పోతుంది. అప్పుడు పీలికలు ఆపేయాలి. ఒకేసారి రెండు దెబ్బలకి మొక్క ఆకు రాల్చేస్తుంది. మధ్యాహ్నం పంపు ఆపి దాహం పెట్టే పద్ధతి మే నెలలో అసలే వద్దు. పైపులో నీటి పొర పలచన, వేళ్లు చూస్తుండగానే ఎండిపోతాయి.

ట్యాంకు నీరు 30 డిగ్రీలు దాటితే ఆక్సిజన్ తగ్గి వేళ్లని కుళ్లబెట్టే పిథియం తెగులు పడుతుంది, వేళ్లు గోధుమరంగుకి తిరిగి జిగురెక్కుతాయి. అలాంటి మొక్కని ఇంకా కష్టపెట్టడం దండగ. ట్యాంకుని నేలలో దించి తడి గోనె కప్పండి.

ఒక వరుస తాకకుండా వదిలేయాలి, లేకపోతే లాభం తేలదు. ఉదాహరణకి తాకని మొక్క ఎండాక 40 గ్రాములు, తాకింది 34 తూగాయనుకోండి. గ్రాము ఆకులో యూజినాల్ లాంటి మందు పదార్థం కనీసం 18 శాతం పెరిగితేనే సరికి సరి. నమూనాలు రెండూ ఒకేరోజు కోసి, ఒకే తీరుగా ఆరబెట్టి ల్యాబుకి పంపాలి. నీడలో, 40 డిగ్రీలు మించకుండా. వానాకాలంలో డెల్టా గాలికి నీడ ఒక్కటే చాలదు, ఫ్యానున్న డ్రయ్యరు పెట్టాలి. కాడ పుటుక్కున విరిగితేనే సంచి కట్టండి.