కానుగ నూనెతో ట్రాక్టర్ నడపబోయిన మిల్లువాడి అనుభవం

"పోపు వేస్తే ఇల్లంతా చేదు వాసన. ఏం పోసినావు నాయనా దీంట్లో?" అంటూ పక్కవీధి పెద్దమ్మ అయిదు లీటర్ల క్యాను తెచ్చి మా మిల్లు గడప మీద పెట్టింది. 2013 ఏప్రిల్ సంగతి ఇది. ఆమె నూనె తీసిన ఎక్స్‌పెల్లర్‌లోనే, అంటే గింజల నుంచి నూనె పిండే మిషనులోనే, ముందురోజు రెండు బస్తాల కానుగ పప్పు ఆడించాను. ఆ తర్వాత అరబస్తా వేరుశెనగ చెక్క (నూనె పిండగా మిగిలే పిప్పి) వేసి తిప్పి, లోపల అంతా శుభ్రమైపోయిందనుకున్నాను. కానుగ చేదు అంత తేలిగ్గా వదలదని ఆమె పోపు చెప్పింది. ఆమెకు వేరే నూనె ఇచ్చి పంపి, మిషను నట్టు నట్టూ విప్పి కడిగాను. రెండు రోజులు పట్టింది. కానుగకు వేరే మిషను లేకుండా ఈ పనిలో దిగకూడదని నేర్చుకున్న మొదటి పాఠం అదే. పాతది ఒకటి హిందూపురంలో దొరికితే తెచ్చుకున్నాను.

మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. నాయన పెట్టిన చిన్న శెనక్కాయ (వేరుశెనగ) నూనె మిల్లు తప్ప వేరే ఆధారం లేదు. అనంతపురం జిల్లాకు ఏడాదికి పడే వానే సగటున 550 మిల్లీమీటర్లు. శెనక్కాయ ఊడలు దిగే పదునులో వాన మొహం చాటేసిందంటే ఆ ఏడు మిల్లుకు కాయలుండవు. బాగా పండిన ఏడు కూడా శివరాత్రి దాటేసరికి తాళమే. ఒకపక్క ఊరికే పడుండే మిల్లు, ఇంకోపక్క వంక గట్ల మీద రాలి మట్టిలో కలిసిపోయే కానుగ కాయలు. అప్పట్లో డీజిల్ ధర నెలకు అర్ధ రూపాయి చొప్పున పెంచుకుంటూ పోతున్నారు. ఈ మూడూ కలిపి చూసుకుంటే ఎవరికైనా ఆశ పుడుతుంది.

నిజానికి బయోడీజిల్, అంటే మొక్కల నూనెతో చేసే డీజిల్, అనే మాట మా ఇంటికి కొత్త కాదు, దాని దెబ్బ కూడా కొత్త కాదు. ప్రణాళికా సంఘం వేసిన కమిటీ 2003లో, బీడు భూముల్లో అడవి ఆముదం పెంచితే 2011-12 నాటికి డీజిల్‌లో 20 శాతం మొక్కల నూనె కలపొచ్చని లెక్క కట్టింది. జట్రోఫా అన్నా అదే. 2006లో మా ఊరికి జీపులో వచ్చినవాళ్లు మొక్కలిచ్చి, "మేకలు ముట్టవు, నీళ్లు అడగదు, మూడో ఏటి నుంచి డబ్బులే" అన్నారు. నాయన రెండెకరాల్లో పెట్టాడు. మేకలు ముట్టని మాట నిజం. నీళ్లు లేకున్నా చావని మాటా నిజమే. ఎటొచ్చీ కాపే లేదు. చావకుండా ఉండడానికీ కాయడానికీ చాలా తేడా ఉంది గదా! నాలుగో ఏట రెండెకరాలకు కలిపి మూడు బస్తాల గింజ వచ్చింది. కొంటామన్న కంపెనీవాళ్ల ఫోను అప్పటికే మూగబోయింది. 2011లో జేసీబీ పెట్టి పీకించాడు నాయన, నాటిన ఖర్చు కంటే పీకిన ఖర్చే ఎక్కువ.

అందుకే నేను కానుగ అనగానే ఆయన మంచం మీద నుంచి లేవకుండానే, "ఇంకో అడవి ఆముదమా?" అన్నాడు. కాదని చెప్పడానికి నా దగ్గర కారణాలుండినాయి. కానుగ మన చెట్టు. మా తాత పళ్లు తోమింది ఆ పుల్లతోనే, వరిమడిలో తొక్కింది ఆ ఆకే. కొత్తగా నాటే పని లేదు, యాభై అరవై ఏళ్ల చెట్లు వంక పొడుగునా ఉన్నాయి. ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడలో ఆడవాళ్లు కానుగ నూనె తీసి, దానివల్ల తగ్గే 147 టన్నుల బొగ్గుపులుసు వాయువు లెక్కకు 2003లో ప్రపంచ బ్యాంకు నుంచి 645 డాలర్లు తీసుకున్నారని కూడా చదివాను. అది చెబితే నాయన, "మనకు డాలర్లు వద్దుగానీ కరెంటు బిల్లు కడితే చాలు" అన్నాడు.

శెనక్కాయ నూనే వాడొచ్చు గదా అని ఇప్పటికీ అడుగుతుంటారు. వాడొచ్చు. 1900లో పారిస్ ప్రదర్శనలో డీజిల్ ఇంజినును నడిపి చూపించింది శెనక్కాయ నూనెతోనే. ఆ లెక్కన మా జిల్లా మొత్తం పెట్రోలు బంకే! కానీ తినే నూనెలో సగానికి పైగా బయటి దేశాల నుంచి తెచ్చుకుంటున్న మనం దాన్ని ట్రాక్టర్‌కు తాగిస్తే ఎట్లా?

పని నేర్చుకోవడానికి కర్ణాటకలోని హాసన్ వెళ్లాను. ఆ జిల్లా మాడెనూరులో బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయంవాళ్లు 2007 నుంచి బయోఫ్యూయల్ పార్కు నడుపుతున్నారు. వాళ్లు కానుగను హొంగె అంటారు. పొలం గట్ల మీద హొంగె, వేప, ఇప్ప కలిపి పెంచుకోమంటారే తప్ప, చేనంతా ఒకే చెట్టు పెట్టమని ఎవరూ అనలేదు. నాకు అక్కడే సగం ధైర్యం వచ్చింది. శిక్షణ ఇచ్చిన సారు కన్నడంలో చెబుతుంటే నేను తెలుగులో రాసుకున్నాను.

తీసే పద్ధతి వినడానికి సులువు. లీటరు నూనెకు 200 మిల్లీలీటర్ల మిథనాల్ (ఒక రకం ఆల్కహాలు), అందులో కరిగించిన కాస్టిక్ సోడా. 60 డిగ్రీల దగ్గర గంటసేపు కలిపి వదిలేస్తే గ్లిజరిన్ అడుక్కు దిగుతుంది, బయోడీజిల్ పైకి తేలుతుంది. సోడా ఎంత వేయాలన్నదే అసలు కిటుకు. మిల్లీలీటరు నూనెను స్పిరిట్‌లో కలిపి, ఫినాఫ్తలీన్ అనే రంగు తేల్చే మందు చుక్కలు వేసి, లీటరు నీళ్లకు గ్రాము చొప్పున కలిపిన సోడా నీళ్లను బొట్టుబొట్టుగా వదలాలి. గులాబీ రంగు నిలిచేదాకా ఎన్ని మిల్లీలీటర్లు పడితే, మామూలుగా వేసే మూడున్నర గ్రాములకు అన్ని గ్రాములు కలపాలి. లీటరు నూనెకు అది లెక్క.

మిథనాల్ కొనడానికే మూడు నెలలు పట్టింది. అది విషం, కడుపులోకి పోతే ముందు కళ్లు పోతాయి, తర్వాత ప్రాణం. పైగా పెట్రోలు మాదిరి భగ్గుమంటుంది. లైసెన్సుకు అన్ని కాగితాలు అడగడం న్యాయమే. కానీ ఒక ఆఫీసులో, "నూనె మిల్లువాడికి ఇది ఎందుకయ్యా, సారా కాస్తావా?" అని నవ్వుతూనే ఫైలు నెలన్నర పక్కన పెట్టారు.

ఈలోగా కాయలు. ఊర్లో చెట్లకు కొదవ లేదు, కాయలు ఏరి కొట్టే చేతులే కరువు. కానుగ కాయ వేరుశెనగ మాదిరి చేత్తో ఒలిస్తే రాదు. ఎండబెట్టి, బండ మీద ఒక్కో కాయనూ నిలబెట్టి కట్టెతో అంచు మీద కొట్టాలి. గట్టిగా కొడితే పప్పు చితుకుతుంది, మెల్లగా కొడితే పగలదు. మా వీధి అవ్వ ఒకామె పొద్దున్నుంచి సాయంత్రం దాకా కొట్టి ఎనిమిది కిలోల పప్పు చేసింది. కిలోకు 15 రూపాయల చొప్పున 120 ఇచ్చాను. ఆమె కొంగున ముడి వేసుకుంటూ, "ఉపాధి పనికి పోతే 149 ఇస్తారబ్బీ. నీడన కూర్చున్నానని తక్కువిస్తున్నావా?" అంది.

ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఉపాధి హామీ పథకం మొదలైందే మా జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న. ఆ పనులు జోరుగా సాగేది ఎండాకాలంలో, కానుగ కాయ కోతకొచ్చేదీ ఎండాకాలంలోనే. లక్షల ఎకరాలు, కోట్ల లీటర్లు లెక్క కట్టినవాళ్లు ఈ అవ్వ రోజు కూలి ఎక్కడా రాసుకున్నట్టు లేదు. మరుసటి వారం నుంచి 18 చేశాను. అప్పుడు కాయలు వచ్చాయి.

మొదటి వంట 40 లీటర్లు. మిథనాల్ ఉన్నచోట నిప్పు ఉండకూడదని నూనెను బయట నీళ్ల డ్రమ్ములో కాచి, షెడ్డులోకి మోసుకొచ్చి కలిపాను. మోటారు నిప్పురవ్వకు భయపడి చెక్క తెడ్డుతోనే తిప్పాం, మూత సందులోంచి, ముక్కుకు గుడ్డ కట్టుకుని. ఆ నూనెకు సోడా నీళ్లు రెండు మిల్లీలీటర్లే పట్టాయి. అంటే లీటరుకు అయిదున్నర గ్రాములు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. తెల్లవారి టార్చి వేసి చూస్తే అడుగున బెల్లం పాకం రంగులో గ్లిజరిన్, పైన తేనె రంగులో మా సరుకు. గోరువెచ్చని నీళ్లతో మూడుసార్లు కడిగాం. మొదటి నీళ్లు పాల మాదిరి వచ్చాయి, మూడోసారికి తేటపడ్డాయి. తేమ పోయేదాకా కాచి సీసాలో పోసి, సీసా వెనక పేపరు పెట్టి అక్షరాలు చదివాను. అప్పుడు నాయన కూడా లేచి వచ్చి చూశాడు.

రెండో వంట సబ్బయింది. తొలకరికి షెడ్డు కారి బస్తాలు తడిశాయి. తడిసిన పప్పు నూనెలో ఆమ్లం పెరుగుతుంది. రంగు నిలవడానికి తొమ్మిది మిల్లీలీటర్లు పట్టింది. లెక్క ప్రకారం లీటరుకు పన్నెండున్నర గ్రాముల సోడా వేశాను, నాకు తెలిసిన లెక్క అదొక్కటే మరి. అరగంటకు తెడ్డు తిరగలేదు. డ్రమ్ములో జున్ను పేరుకున్నట్టు పేరుకుంది. 40 లీటర్ల నూనె, 8 లీటర్ల మిథనాల్ అట్లా గడ్డకట్టాయి. హాసన్ సారుకు ఫోను చేస్తే, అంత ఆమ్లం ఉన్న నూనెకు ముందు సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో ఒక వంట, తర్వాత సోడాతో ఇంకో వంట చేయాలన్నాడు. ఖర్చు లెక్కేసుకుని, దాని బదులు షెడ్డు రేకులు మార్చడమే మేలనిపించింది.

డీజిల్‌లో మా సరుకు 20 శాతం కలిపి ట్రాక్టర్‌లో పోశాను. పొగ తగ్గింది, గుడిలో దీపం కొండెక్కినప్పుడొచ్చే వాసన వేసింది. మూడో రోజు చేను మధ్యలో ఆగిపోయింది. "ఇంజినుకు ఏం కాలేదన్నా, పదేళ్ల మురికంతా ఒక్కసారి కడిగేసింది నీ నూనె" అన్నాడు మెకానిక్, నల్లగా మూసుకుపోయిన ఫిల్టరు చేతిలో పెట్టి. రెండు ఫిల్టర్లు మార్చాక సర్దుకుంది. పాత రబ్బరు పైపు కూడా ఉబ్బి మెత్తబడింది, అదీ మార్చాం.

నా ట్రాక్టర్‌కు పోసుకోవడం సరే, అమ్మాలంటే బయోడీజిల్‌కు ఐఎస్ 15607 అనే భారతీయ ప్రమాణం ఉంది. ఆమ్లం విలువ 0.5 దాటకూడదు, తేమ కిలోకు 500 మిల్లీగ్రాముల లోపే ఉండాలి. ఇట్లాంటి పరీక్షలు వరుసగా చాలా ఉన్నాయి. సీసాతో పేపరు చదివిన నా పరీక్ష అక్కడ పనికిరాలేదు. పంపిన నమూనా తేమ దగ్గరే తప్పింది. మళ్లీ కాచి పంపొచ్చు. కానీ ప్రతి వంటకూ అన్ని పరీక్షలంటే 40 లీటర్లవాడికి గిట్టదు, వేల లీటర్లవాడికే గిట్టుతుంది.

2014 ఎండాకాలంలో నా నోటుబుక్కులో లెక్క ఇది. లీటరు నూనెకు నాలుగు కిలోల పప్పు, 72 రూపాయలు. ఆడింపు, మిథనాల్, సోడా, కట్టెలు కలిపి 25. మొత్తం 97. మిగిలే చెక్క మూడు కిలోలకు కాస్త తక్కువ, కిలో 15 చొప్పున 43 తిరిగొచ్చింది. అంటే లీటరు 54కు పడింది. బంకులో డీజిల్ 60 దాటి ఉంది. గ్లిజరిన్‌ను ఎవరూ అడగలేదు. నా కూలి వేసుకోకపోతే ఆరేడు రూపాయల లాభం. ఆ అక్టోబరులో కేంద్రం డీజిల్ ధర మీద అదుపు ఎత్తేసింది, సరిగ్గా అప్పుడే ప్రపంచమంతా ముడిచమురు పడిపోయింది. 2016 మొదటికి బంకులో ధర 50 చుట్టుపక్కలకు దిగింది. అవ్వకు ఇచ్చే 18ని మాత్రం దింపలేను గదా.

అప్పటికే పురుగుమందులో కలుపుకోవడానికని పచ్చి కానుగ నూనెనే లీటరు 75కు అడిగేవాళ్లు వస్తున్నారు. దాన్ని మిథనాల్‌తో ఉడకబెట్టి 50కి దింపుకోవడం తెలివైన పనేమీ కాదు. మిథనాల్ లైసెన్సు మళ్లీ రాయించలేదు. ఆ డ్రమ్ముల్లో ఇప్పుడు నూనె తేరబెడుతున్నాం.

మిల్లు మటుకు ఎండాకాలంలో మూతపడడం లేదు. నూనె కంటే చెక్కకే గిరాకీ. చీనీ (బత్తాయి) తోటలవాళ్లు పాదుల్లో వేయడానికి ముందే డబ్బులిచ్చి పోతున్నారు, చెదలు కూడా తగ్గుతుందంటారు. అవ్వ ఇప్పుడు కిలోకు ఎంతిస్తానో ముందే తేల్చుకుని గానీ కట్టె పట్టుకోదు. ఉగాది దాటగానే ఫోన్లు మొదలవుతాయి, కానుగ చెక్క వచ్చిందా అని. డీజిల్ సంగతి ఆ ట్రాక్టర్ మెకానిక్ ఒక్కడే అడుగుతాడు, ట్యాంకులు కడగడానికి అయిదు లీటర్లేమైనా మిగిలిందా అని.