హోవ్‌లో లారా కోసం

టికెట్‌కి పూర్తి డబ్బులు పిండుకుని, త్రీ బ్రిడ్జెస్ స్టేషన్లో రైలు దింపేసి బస్సెక్కించారు. పట్టాల పనులట. శనివారం ఇంగ్లండు దక్షిణ తీరంలోని బ్రైటన్ వైపు వెళ్లేవాళ్లకి ఇది అలవాటే గానీ, నాకు మాత్రం ఒళ్లు మండింది. నేను బయల్దేరింది బ్రైటన్ పక్కనే ఉన్న హోవ్‌కి, తొలినాళ్ల మూకీ సినిమాల నటి లారా బేలీ ఆనవాళ్లు వెతుక్కుంటూ.

చేసేదేం లేక ఫోన్లో 'మేరీ జేన్స్ మిస్‌హ్యాప్' పెట్టుకున్నాను. 1903 నాటి బుల్లి మూకీ. పనిపిల్ల మేరీ జేన్ బూట్లు తుడుస్తూ మూతికి మీసంలా మసి పూసుకుంటుంది, మనకేసి చూసి కన్ను కొడుతుంది, పొయ్యి రాజుకోవడం లేదని కిరోసిన్ గుమ్మరిస్తుంది. అంతే, పొగగొట్టంలోంచి పైకెగిరి ముక్కలై రాలుతుంది! ఆనక దయ్యమై లేచొచ్చి సమాధి దగ్గర జనాన్ని హడలగొడుతుంది. తడి కట్టెల మీద కిరోసిన్ చల్లామంటే మా అమ్మమ్మ వీపు విమానం మోత మోగించేది.

పక్కసీటు పెద్దావిడ తొంగిచూసి, కన్ను కొట్టే చోట కిసుక్కున నవ్వింది. మళ్లీ పెట్టమంది. ఇక బస్సు ఎంత నత్తనడక నడిచినా నాకు పట్టలేదు.

ఆ కన్ను కొట్టింది లారా బేలీ. అక్కచెల్లెళ్లతో కలిసి స్టేజీ ఎక్కిన మనిషి. భర్త జి.ఎ. స్మిత్ 1897లో సినిమాలు తీయడం మొదలెట్టాడు. ఆవిడ తెరమీద వెలిగింది ఆ తర్వాతి కొద్ది ఏళ్లే. 1899లో తీసిన 'ది కిస్ ఇన్ ది టన్నెల్'లో రైలుపెట్టెలో ముద్దు పెట్టుకునే జంట వీళ్లిద్దరే. అప్పట్లో తెరమీద నటుల పేర్లు వేసేవారు కాదు. సినిమాల్లో క్లోజప్ వాడిన ఘనతంతా స్మిత్‌కే కట్టబెడతారు. ముఖాన్ని అంత దగ్గరగా చూపించాలంటే ఆ ముఖంలో సరుకుండాలి కదా!

హోవ్‌లో సెయింట్ ఆన్స్ వెల్ గార్డెన్స్‌కి వెళ్లాను. 1892లో స్మిత్ లీజుకి తీసుకుని, బెలూన్లనీ జాతకాలు చెప్పే జిప్సీ అనీ జనాన్ని రప్పించిన తోట. తర్వాత సినిమాల కోసం ఇక్కడే అద్దాల స్టూడియో కట్టాడు. ఇప్పుడు టెన్నిస్ ఆడేవాళ్లూ, కుక్కల్ని తిప్పేవాళ్లూ. బయట ఓ చోట టీ, కేకు ముక్క తీసుకున్నాను. ఆ బిల్లు రూపాయల్లోకి మార్చి చూసుకోకూడదు.

న్యూ చర్చ్ రోడ్డులో హోవ్ మ్యూజియం ముందు మాత్రం కాళ్లు ఆగిపోయాయి. జైపూర్ గేట్! 1886 లండన్ ప్రదర్శన కోసం జైపూర్ మహారాజు తన ఖర్చుతో చేయించిన చెక్క ద్వారం. ఆ నగిషీ చూస్తూ పొద్దంతా అక్కడే గడిపేశాను. లోపలి పాత సినిమా సరంజామా గబగబా చూసి బయటపడ్డాను. యంత్రాలు నాకంతగా ఎక్కవు. బ్రైటన్ బీచ్, రాజభవనం సంగతంటారా, వాటి గురించి రాసినవాళ్లు బోలెడుమంది.