జీడిమామిడి చుట్టూ తిరిగిన ఒక రోజు

ఈ రోజు పెద్దగా పనులేమీ పెట్టుకోలేదు. పొద్దున బండికి బ్రేక్ షూలు మార్పించానంతే. పాత లైనింగు బాగా అరిగిపోయి, డ్రమ్ము నిండా నల్లటి పొడి పేరుకుపోయింది. మెకానిక్ దాన్ని తుడుస్తుంటే ఎప్పుడో చదివిన సంగతి గుర్తొచ్చింది. బ్రేక్ లైనింగుల తయారీలో జీడిగింజ పెంకులోంచి తీసిన నూనెను వాడతారు. ఆ నూనెను గట్టిపడేలా చేసి, పొడికొట్టి, మిగతా సరుకుల్లో కలుపుతారు. బ్రేకు వేసినప్పుడు పుట్టే వేడిని అది తట్టుకుంటుంది, పట్టు సడలనివ్వదు. ఇక సాయంత్రం దాకా నా బుర్రలో జీడిమామిడి చెట్టే.

జీడిపప్పు అందరికీ తెలుసు, దాని రుచి గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. నన్ను పట్టుకున్నది దాని పెంకు. ఆ పెంకులో లోపలి పొరకీ బయటి పొరకీ మధ్య తేనెపట్టులా గదులుంటాయి, వాటి నిండా చిక్కటి ఘాటైన నూనె. లోపలి గింజను పురుగులూ జంతువులూ ముట్టకుండా చెట్టు పెట్టుకున్న కాపలా అది. పచ్చిగా ఉన్నప్పుడు అందులో ఎక్కువగా ఉండేది అనకార్డిక్ ఆమ్లం. వేడి చేస్తే అది కార్డనాల్ అనే రసాయనంగా మారుతుంది. ఈ కార్డనాల్ నుంచి రెజిన్లు, వార్నిషులు, ఓడల అడుగుభాగానికి వేసే రంగుల్లో కలిపే పదార్థాలు తయారవుతాయి. చెమ్మలోనూ చలిలోనూ ఆ పూత గట్టిపడుతుంది కాబట్టి ఓడల పనికి బాగా కుదిరింది. పడవ చెక్కకు చెదలు పట్టకుండా ఈ నూనె పూయడం అంతకు ముందు నుంచే ఉంది. నూనె తీశాక మిగిలిన పెంకు కూడా బాయిలర్లలోకి వెళ్తుంది.

అయితే ఆ నూనె చర్మానికి తగిలితే కాలుస్తుంది. మామిడి సొన పెదవికి అంటుకుని పుండు పడటం చాలామందికి అనుభవమే. మామిడీ జీడిమామిడీ ఒకే కుటుంబం చెట్లు, ఈ నూనె ఆ సొనకు పెద్దన్న. గింజలను వేయించో ఆవిరి పట్టించో తర్వాత పెంకు పగలగొడతారు. ఇది చేసేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. చేతులకు బూడిదో ఆముదమో రాసుకుని కూర్చుంటారు, అయినా వేళ్లు నల్లబడతాయి, చర్మం ఊడుతుంది. పైగా పప్పు విరగకూడదు. గుండుకున్న విలువ బద్దకు లేదు, ముక్కకు అసలే లేదు. డబ్ల్యూ 320 అనే రకం ఉంది, పౌండు బరువుకు 300 నుంచి 320 గుండ్లు తూగాలి. చేత్తో కొట్టేచోట అందులో ప్రతి గుండూ ఎవరో ఒకరి వేళ్ల మధ్య నుంచి క్షేమంగా బయటపడిందే. పప్పు పెట్టె మీద ఆ చేతుల ఊసు ఎక్కడా ఉండదు, అది నాకు అన్యాయంగా అనిపిస్తుంది. గ్లవ్స్ ఇవ్వడం, పగలగొట్టే యంత్రాలు పెట్టడం ఎక్కడైనా సరే ముందు జరగాల్సిన పని.

ఇక పండు సంగతి. నిజానికి అది పండే కాదు, ఉబ్బిన కాడ. అసలు కాయ దాని కింద వేలాడే గింజే. ఆ కాడ గింజకన్నా ఎన్నో రెట్లు బరువుంటుంది, విటమిన్ సి నారింజలో కన్నా చాలా ఎక్కువ. కానీ చెట్టు నుంచి రాలిన రోజో మర్నాడో పాడవుతుంది, తింటే వగరుకు గొంతు పట్టేస్తుంది. అందుకే గింజ తెంపుకుని పండును చెట్టుకిందే వదిలేసే తోటలు ఎన్నో. ఆ వగరును తీసేయడం పెద్ద విద్యేమీ కాదు. రసంలో సగ్గుబియ్యం జావ కలిపితే వగరంతా విరిగి అడుగుకు దిగుతుంది. బ్రెజిల్‌లో ఆ రసాన్ని తేటపరిచి కజుయినా అని సీసాల్లో పోసి అమ్ముతారు. గోవాలో పులియబెట్టి బట్టీపట్టే ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మిగతా చోట్ల అంత పండూ మట్టిపాలు అవుతుంటే మనసు ఒప్పదు.

చెట్టు మాను నుంచి జిగురు కారుతుంది, పుస్తకాల బైండింగుకు పనికొస్తుంది. బెరడూ, పప్పు మీది ఎర్రటి పొట్టూ తోళ్లు పదును చేయడానికి వాడతారు. కలప తేలిక, పెట్టెలకూ బొగ్గుకూ సరిపోతుంది.

చెట్టు వేళ్ల గురించి చదివాక రాత్రి చాలాసేపు అక్కడే ఆగిపోయాను. ఈ చెట్టు పుట్టిల్లు బ్రెజిల్. 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు భారత తీరానికి తెచ్చారు. ఇసుక నేలల్లో ఏ ఎరువూ లేకుండా బతుకుతుంది, వేళ్లు పక్కలకు దూరంగా పాకి మట్టిని పట్టుకుంటాయి. మొదట్లో దీన్ని నాటడానికి ముఖ్య కారణం మట్టి కోతను ఆపడమేనని చెబుతారు. పప్పు పెద్ద ఎత్తున ఎగుమతి సరుకు అయింది 20వ శతాబ్దంలోనే. అంటే అన్నేళ్లూ ఈ చెట్టును నిలబెట్టింది, ఇవాళ ఎవరూ లెక్కలోకి తీసుకోని ఆ వేళ్లే.