ఊయా తర్వాత: రాస్ప్‌బెర్రీ పై 4తో సొంత కన్సోల్

2012 జూలైలో ఊయా, జనం దగ్గర ముందే డబ్బు సేకరించే కిక్‌స్టార్టర్ సైటుకి వచ్చింది. 99 డాలర్లకే టీవీకి తగిలించుకునే ఆండ్రాయిడ్ కన్సోల్, ‘ఓపెన్’ అన్నారు, అంటే ఎవరైనా గేమ్ రాసి పెట్టొచ్చు, ప్రతి గేమూ కొంతైనా ఉచితంగా ఆడనివ్వాలి. అడిగింది 9.5 లక్షల డాలర్లు; 63 వేల మందికి పైగా కలిసి దాదాపు 86 లక్షలు ఇచ్చారు.

అయినా నిలబడలేదు. కంట్రోలర్ బటన్లు పైప్లేటు కింద ఇరుక్కునేవన్నది నిజమే గానీ, పెద్ద దెబ్బ అది కాదు. పాత కంపెనీల అసలు రాబడి పెట్టె మీద కాదు, గేముల అమ్మకాల్లో వాటా మీద. ఊయా కూడా అదే 30 శాతం వాటాను నమ్ముకుంది, కానీ జనం కొనే గేములే దానిదగ్గర తక్కువ. దానికి పేరు తెచ్చిన టవర్‌ఫాల్ అనే గేమ్ కూడా 2014 మార్చికల్లా ప్లేస్టేషన్ 4 మీదికి వచ్చేసింది. 2019 జూన్ 25న సర్వర్లు ఆగిపోయాయి. ఆ తర్వాత ఫ్యాక్టరీ రీసెట్ కొడితే పెట్టె లాగిన్ దగ్గరే నిలబడిపోతుంది, జవాబిచ్చే సర్వర్ లేదు కాబట్టి. ఇక ఓపెన్ ఏముంది?

ఆ సర్వర్లు ఆగడానికి సరిగ్గా ముందురోజే రాస్ప్‌బెర్రీ పై 4 అనే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ బోర్డు విడుదలైంది. కొత్త భారీ గేములు దీనిమీద ఆడవు, ప్లేస్టేషన్ 2 కూడా ఆశించొద్దు. కానీ 8 బిట్, 16 బిట్, ప్లేస్టేషన్ 1 వరకు హాయిగా నడుస్తుంది, ఎవరి సర్వరూ అక్కర్లేదు. 2 జీబీ బోర్డు చాలు.

మైక్రో ఎస్‌డీ కార్డు 32 జీబీది, ఏ1 (యాప్‌లు నడపడానికి తగిన వేగం) గుర్తున్నది తీసుకోండి. కంప్యూటర్‌లో రాస్ప్‌బెర్రీ పై ఇమేజర్ అనే ప్రోగ్రామ్ తెరిస్తే, గేమ్ ఓఎస్‌ల విభాగంలో రెట్రోపై ఉంటుంది. పాత కన్సోళ్లను అనుకరించే ఎమ్యులేటర్ల మూట అది, దాన్నే కార్డు మీద రాయండి. మైక్రో హెచ్‌డీఎంఐ పోర్టులు రెండు ఉంటాయి; పవర్ పోర్టు పక్కనున్నదే వాడండి.

ఎక్కువమంది తప్పటడుగు వేసేది పవర్ దగ్గర. 5.1 వోల్టులు, 3 ఆంపియర్ల అడాప్టర్ కావాలి. మామూలు ఫోన్ ఛార్జర్, సన్నటి కేబుల్ పెడితే లోడ్ పడగానే వోల్టేజ్ జారుతుంది. 4.63 కంటే దిగితే తెరమీద మెరుపు గుర్తు వస్తుంది, చిప్ వేగం తగ్గించుకుంటుంది, గేమ్ నత్తనడక నడుస్తుంది. జనం ఎమ్యులేటర్‌ని తిడతారు, పాపం. తొలి బ్యాచ్ బోర్డుల్లో ఇంకో లోపం: చిప్ ఉన్న ఖరీదైన టైప్ సి కేబుల్ పెడితే కరెంటే ఎక్కదు. 80 డిగ్రీలు చేరినా వేగం పడిపోతుంది కాబట్టి హీట్‌సింక్, చిన్న ఫ్యాన్ పెట్టండి.

గేములు ఎక్కించడానికి పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32గా ఫార్మాట్ చేసి, అందులో చిన్న ఇంగ్లీషు అక్షరాలతో రెట్రోపై (retropie) పేరున ఫోల్డర్ పెట్టి బోర్డు యూఎస్‌బీ పోర్టులో గుచ్చండి. లైటు మినుకుమనడం ఆగాక తీస్తే, లోపల ఒక్కో పాత కన్సోల్‌కి ఒక్కో ఫోల్డర్ తయారై ఉంటుంది. అందులో గేములు వేసి మళ్లీ గుచ్చండి. దొంగ ఫైళ్ల వెంట పడక్కర్లేదు. మైక్రో మేజెస్ లాంటి కొత్త 8 బిట్ గేములను వాటి తయారీదారులే ఫైళ్లుగా అమ్ముతున్నారు.

వైర్‌లెస్ కంట్రోలర్ తడబడుతుంటే దాని రిసీవర్‌ను నీలం యూఎస్‌బీ పోర్టు నుంచి తీసి నల్లదాంట్లో పెట్టండి. యూఎస్‌బీ 3 రొద 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ను చెడగొడుతుంది. బటన్ నొక్కాక ఆలస్యంగా దూకుతుంటే ముందు టీవీలో గేమ్ మోడ్ వేయండి. అప్పటికీ తేడా ఉంటే రెట్రోపైలో ఎమ్యులేటర్లను నడిపే రెట్రోఆర్క్‌లో, ఆటను ముందే లెక్కగట్టి ఆలస్యం తగ్గించే రన్ అహెడ్‌ను ఒక ఫ్రేముకి పెట్టండి, దాదాపు 16.7 మిల్లీసెకన్లు తగ్గుతుంది. పాత 8 బిట్ గేములకు ఇది చాలు, ప్లేస్టేషన్ గేములకు మాత్రం బోర్డు ఆయాసపడుతుంది.

ఆట అయ్యాక ప్లగ్ పీకేయకండి. కార్డు మీద రాస్తున్నప్పుడు కరెంటు పోతే ఫైల్‌సిస్టమ్ చెడి, మరుసటిసారి బూటే కాదు. సెలెక్ట్, స్టార్ట్ కలిపి నొక్కితే గేమ్‌లోంచి బయటికొస్తారు, మెనూలో షట్‌డౌన్ ఉంది.