కంట్లో క్లీనర్ పడితే ముందు కుళాయి, ఆ తర్వాతే ఆసుపత్రి

మూత బిగుసుకుపోయిన టాయిలెట్ క్లీనర్ సీసాను గట్టిగా తిప్పితే లోపలిది ఒక్క చుక్క ఎగిరి కంట్లో పడవచ్చు. అప్పుడు చెయ్యి దానంతటదే కన్ను నులమడానికి లేస్తుంది. నులమకండి. సీసా మీద ఏం రాసుందో చదువుతూ నిలబడకండి. ఎవరికి ఫోన్ చేయాలా అని ఆలోచించకండి. పడింది ఏదైనా సరే, నేరుగా కుళాయి దగ్గరికి వెళ్లి కన్ను కడగడం మొదలుపెట్టండి. ఇంట్లో ఇంకొకరుంటే సీసా చదవడం, ఫోన్ చేయడం వాళ్ల పని.

కడిగేటప్పుడు తల పక్కకు వంచాలి. మందు పడిన కన్ను కిందికి, బాగున్న కన్ను పైకి ఉండాలి. ధార ముక్కు వైపు కొసలో పడి చెవి వైపుకు జారాలి. ఇది తిరగబడితే మందు కలిసిన నీళ్లు రెండో కంట్లోకి వెళతాయి. ధార మెత్తగా ఉండాలి. కుళాయి పూర్తిగా తిప్పి ఆ జోరు కంటిగుడ్డుకు తగలనివ్వకూడదు. షవర్ ఉంటే నీళ్లు నుదుటి మీద పడి కంట్లోకి జారేలా నిలబడితే సులువు. గోరువెచ్చటి నీళ్లయితే ఎక్కువసేపు ఓర్చుకోగలుగుతారు. అవి లేకపోతే చన్నీళ్లే చాలు, వేడినీళ్లు మాత్రం వద్దు. సెలైన్ కోసమో, కాచి చల్లార్చిన నీళ్ల కోసమో వెతికే ఆ రెండు నిమిషాలే అన్నిటికన్నా విలువైనవి.

చాలామంది కడిగామనుకుంటారు గానీ నీళ్లు లోపలికి వెళ్లవు. మంటకు కన్ను బిగుసుకుపోతుంది, నీళ్లు రెప్పల మీంచి జారిపోతాయి, మందు లోపలే ఉండిపోతుంది. కాబట్టి రెప్పలను వేళ్లతో తెరిచి పట్టుకోవాలి. వేళ్లు కంటి చుట్టూ ఉన్న ఎముక అంచు మీద ఆనాలి, కంటిగుడ్డును నొక్కకూడదు. తడికి వేళ్లు జారితే పొడిగుడ్డతో పట్టుకోండి. పై రెప్ప వెనక లోతైన మడత ఉంటుంది. మందు దాక్కునే చోటు అదే. కడుగుతున్నంతసేపూ పైకీ కిందకీ, అటూ ఇటూ చూస్తూ ఉంటే ఆ మడతలోకి నీళ్లు చేరతాయి. కాంటాక్ట్ లెన్సు ఉంటే దాని కింద మందు నిలుస్తుంది కనుక తీసేయాలి. వెంటనే రాకపోతే దాని కోసం ఆగకండి, కడుగుతూ ఉంటే చాలాసార్లు అదే తేలి వస్తుంది.

ఎంతసేపు? గడియారం చూసి కనీసం 15 నుంచి 20 నిమిషాలు. మంటలో రెండు నిమిషాలే పావుగంటలా అనిపిస్తాయి కనుక అంచనా వేయకండి. జగ్గుతో పోస్తుంటే లీటరు నీళ్లు నిమిషంలో అయిపోతాయి, కాబట్టి పక్కన నిండు బకెట్ ఉండాలి. డ్రైన్ శుభ్రం చేసే మందు, అమ్మోనియా, బ్లీచ్, సిమెంటు, తడి సున్నం లాంటివి పడితే అరగంట కడిగినా ఎక్కువేం కాదు.

వీటికి అంత ఎక్కువసేపు ఎందుకంటే ఇవి క్షారాలు, అంటే యాసిడ్‌కు వ్యతిరేక గుణం ఉన్నవి. యాసిడ్ పడినప్పుడు కంటి పైపొరలోని ప్రొటీన్, వేడి తగిలిన తెల్లసొనలా గడ్డకడుతుంది. ఆ గడ్డే చాలావరకు అడ్డుగోడై యాసిడ్‌ను లోతుకు పోనివ్వదు. క్షారానికి అలాంటి అడ్డు లేదు. అది కణాల పొరల్లోని కొవ్వును సబ్బుగా మార్చేస్తూ నల్లగుడ్డును దాటి నిమిషాల్లోనే కంటి లోపలి ద్రవంలోకి దిగుతుంది. మంట తగ్గినంత మాత్రాన అది ఆగినట్టు కాదు. యాసిడ్లలోనూ ఒక మినహాయింపు ఉంది. తుప్పు మరకలు తీసే కొన్ని మందుల్లో ఉండే హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ కూడా లోతుకు పోతుంది.

క్షారం పడిందని వెనిగర్ పోయడం, యాసిడ్ పడిందని వంటసోడా నీళ్లు పోయడం చాలా పెద్ద తప్పు. రెండూ కలిసేచోట వేడి పుట్టి కన్ను ఇంకా కాలుతుంది, పైగా కడగాల్సిన సమయం పోతుంది. ఇంట్లో ఉన్న పాత కంటి చుక్కలు కూడా వేయకండి.

సున్నం, సిమెంటు పొడిగా పడితే ముందు ముఖం మీదున్న పొడిని గుడ్డతో దులిపేసి వెంటనే ధారాళంగా కడగాలి. వీటి రేణువులు పై రెప్ప వెనక అతుక్కుని గంటల తరబడి క్షారం వదులుతూనే ఉంటాయి. ఎంత కడిగినా డాక్టర్ రెప్ప తిరగేసి చూడాల్సిందే.

సూపర్ గ్లూ పడి రెప్పలు అతుక్కుపోతే విడదీయడానికి లాగొద్దు, అసిటోన్ (గోళ్లరంగు తుడిచే ద్రవాల్లో ఉండేది) దగ్గరికే రానివ్వొద్దు. గోరువెచ్చటి నీళ్లతో కడిగి, తడిగుడ్డ కప్పి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. సాధారణంగా కొద్ది రోజుల్లో జిగురు దానంతటదే వదులుతుంది. చిన్న గ్లూ ట్యూబు చేతికి కంటి చుక్కల సీసాలాగే తగులుతుంది. ఆ రెండూ ఒకే సొరుగులో ఉంటే ఇవాళే వేరుచేయండి. లెన్సులు నానబెట్టే హైడ్రోజన్ పెరాక్సైడ్ ద్రవంతోనూ ఇదే పొరపాటు జరుగుతుంది. అది పూర్తిగా తటస్థం కాకముందే లెన్సు పెట్టుకుంటే కన్ను భగ్గుమంటుంది.

లాండ్రీ పాడ్, అంటే బట్టలుతికే ద్రవం నింపిన చిన్న పొట్లం, పిల్లల చేతిలో చితికితే ఒక్కసారిగా కంట్లోకి చిమ్ముతుంది. అందులో గాఢమైన డిటర్జెంట్ ఉంటుంది కాబట్టి షాంపూ పడినట్టే అనుకుని వదిలేయకండి. చేతులు కదలకుండా పిల్లల్ని తువ్వాలులో చుట్టి, పడుకోబెట్టి, తల మందు పడిన కన్ను వైపుకు తిప్పి, ముక్కు పక్కనున్న కొసలో నీళ్లు పోయండి. ఒకరు పట్టుకుంటే ఇంకొకరు పోయాలి. కన్ను మూసుకున్నా రెప్ప ఆడించినప్పుడల్లా కొంత లోపలికి పోతుంది. పోస్తూనే రెప్ప తెరవడానికి ప్రయత్నించండి.

మామూలు సబ్బు, షాంపూ అయితే కడిగాక మంట తగ్గి చూపు బాగుంటే సరిపోతుంది. యాసిడ్, క్షారం, లాండ్రీ పాడ్, పేరు తెలియని మందు అయితే ఎలా ఉన్నా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. నొప్పి, మసక, వెలుతురు చూడలేకపోవడం ఉంటే పడింది ఏదైనా సరే వెళ్లాలి. తెల్లగుడ్డు ఎర్రబడితే అందరూ కంగారుపడతారు గానీ, గట్టి క్షారం పడ్డాక అది పాలిపోయి రక్తనాళాలు కనబడకపోతే దెబ్బ ఇంకా తీవ్రమైనది. ఆసుపత్రిలో చిన్న కాగితపు పట్టీతో కంటి పీహెచ్, అంటే యాసిడ్, క్షార గుణాల కొలత, చూస్తారు. మామూలుగా అది 7 దగ్గర ఉండాలి. రాకపోతే మళ్లీ కడుగుతారు. కడగడం ఆపాక కొంచెం ఆగి ఇంకోసారి చూస్తారు, లోపల మిగిలిన మందు పైకి వస్తే పీహెచ్ మళ్లీ మారుతుంది కనుక.

సీసాను, లేదా లేబుల్ ఫోటోను వెంట తీసుకెళ్లండి. కంటికి కట్టు కట్టొద్దు. బండి మీరు నడపొద్దు. వెనక సీట్లో తువ్వాలు పరుచుకుని, రెండు మూడు నీళ్ల సీసాలు దగ్గర పెట్టుకుని, ఆసుపత్రి గుమ్మం వచ్చేదాకా పోస్తూనే ఉండండి.