మంచం మీద ఏడు చొక్కాలు

ఇన్నాళ్లూ నా ప్రొఫైల్ ఫొటో అంటే ఏదో పెళ్లిలో తీసిన గ్రూప్ ఫొటోలోంచి కత్తిరించుకున్న నా మొహమే. ఎంత కత్తిరించినా ఎడమ పక్కన ఎవరిదో భుజం ఒకటి మిగిలిపోయేది. ఉద్యోగం మారుతున్నాను, ఈసారైనా పద్ధతిగా తీయించుకుందామని స్టూడియోలో టైమ్ తీసుకున్నాను. ఫొటోగ్రాఫర్ గారు ఫోన్‌లో చెప్పింది రెండే ముక్కలు: "మూడు జతలు తెచ్చుకోండి, సన్న గీతలవి మాత్రం వద్దండీ." ఎందుకు వద్దో నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఇంట్లో ఉన్నవాటిలో ఫర్వాలేదనిపించిన ఏడు చొక్కాలు మంచం మీద పరిచి, ఒక్కోటీ తొడుక్కుని అద్దంలో చూసుకుంటూ పోతే అన్నిట్లోకీ బాగా నచ్చింది సన్న నీలం గీతలది. వద్దన్నదే నచ్చడం నాకు కొత్తేం కాదు. అక్క గుమ్మంలో నిలబడి కాసేపు చూసి, "అద్దంలో కదులుతుంటావు, నవ్వుతుంటావు, ఏదైనా బాగానే ఉంటుందిరా. ఫొటోలో కదలవుగా. ఫోన్ ఇటు తే" అంది.

అలా మొదలైంది. కిటికీ పక్కన కూర్చోబెట్టి, తను నాలుగడుగులు వెనక్కి వెళ్లి, కాస్త జూమ్ చేసి తీసింది. దగ్గర నుంచి తీస్తే నా ముక్కే సగం ఫొటో ఆక్రమిస్తోంది మరి. గీతల చొక్కా సంగతి మొదటి ఫొటోలోనే తేలిపోయింది. చొక్కా మీద లేని అలలు ఫొటోలో ఉన్నాయి, నీళ్లలో రాయి వేసినట్టు వంకర వంకరగా, అక్కడక్కడా రంగులు కూడా. దోమతెరని రెండు మడతలు వేసి వెలుతురుకి పట్టుకుంటే తేలే చారలు చూశారా, అవే. గీతల వరసలూ కెమెరా సెన్సర్‌లోని పిక్సెళ్ల వరసలూ దాదాపు ఒకే సైజులో పడితే ఇలా అవుతుందట, దీన్ని మోరే అంటారు. సన్న గళ్లకీ ఇదే బాధ. లావు గీతలకి సాధారణంగా రాదు.

తర్వాత చిలకపచ్చది. అందులో నేను హుషారుగా కనిపిస్తానని నా నమ్మకం. ఫొటో చూసి అక్క "గడ్డం కింద పసరు రాసుకున్నావేంట్రా?" అంది. నిజంగానే దవడ కింద పచ్చగా ఉంది. కిటికీ వెలుతురు గుడ్డ మీద పడి, ఆ రంగునంతా మోసుకొచ్చి మొహానికి పూసింది. గంధం రంగుది ఇంకా ఘోరం, అది సరిగ్గా నా ఒంటి రంగులో కలిసిపోయింది. ఫొటోని బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి చూస్తే అసలు చొక్కానే వేసుకోనట్టున్నాను. ఈ బ్లాక్ అండ్ వైట్ చిట్కా మాత్రం భలే పనికొచ్చింది, రంగు మీద మోజు పక్కకి పోయి మొహానికీ గుడ్డకీ తేడా ఎంతుందో అదొక్కటే కనిపిస్తుంది.

తెల్లదాంట్లో గుండీలు కూడా కనపడకుండా అంతా వెలిసిపోయింది. నల్లది వేసుకుందామా అంటే అప్పుడు గుర్తొచ్చింది, వెనక తెర ఏ రంగో నేను అడగనేలేదని. ఫోన్ చేస్తే "ముదురు బూడిద రంగండీ" అన్నారు. మొట్టమొదట అడగాల్సింది ఇదే. ముదురు తెర ముందు నల్ల చొక్కా అంటే భుజాలు చీకట్లో కలిసిపోయి తలకాయ ఒక్కటే గాల్లో తేలుతుంది. విడిగా లైటు పెట్టి భుజాల అంచులు తేల్చొచ్చట గానీ, నాకెందుకా రిస్కు.

మెరూన్‌ది దాదాపు ఖాయం చేశాను. నిలబడితే అద్భుతం. స్టూల్ మీద కూర్చోగానే గుండీల మధ్య సందులు విచ్చుకుని, కాలర్ చెవుల దాకా లేచింది. తీసేది కూర్చోబెట్టి కాబట్టి అదీ పోయింది. (ఫొటో ఛాతీ వరకే అని తెలిసి కూడా ఏ ప్యాంటు వేసుకోవాలా అని ఒక సాయంత్రమంతా తన్నుకున్నాను. అది వేరే కథ.)

చివరికి మిగిలింది ముదురు నీలం రంగు పాత కాటన్ చొక్కా. మెరుపు లేదు, డిజైన్ లేదు, కాలర్ మాత్రం ఇంకా గట్టిగా ఉంది. అద్దం ముందు రెండోసారి తిరిగి చూడాలనిపించని చొక్కా. ఫొటోలో మాత్రం చూపు నేరుగా మొహం మీదికే వెళ్తోంది. అదొకటి, అడిగారు కదా అని ఇంకో రెండు సర్దుకున్నాను.

సర్దుకోవడంలోనే తప్పు చేశాను. ఇస్త్రీ చేసి, మడత పెట్టి బ్యాగులో పెట్టాను. స్టూడియోలో తీసి తొడుక్కుంటే ఛాతీకి అడ్డంగా స్కేలుతో గీసినట్టు మడత. పక్క నుంచి లైటు పడితే ప్రతి మడతకీ ఒక నీడ ఉంటుంది, ఇంట్లో కనపడనిది అక్కడ బాగా కనపడుతుంది. ఆయన దగ్గర స్టీమర్ ఉంది కాబట్టి సరిపోయింది. హ్యాంగర్‌కి తగిలించి తీసుకెళ్లాల్సింది. పైగా ఎండలో నడుచుకుంటూ వెళ్లానేమో, ఎండకి నల్లబడే రకం కళ్లజోడు లోపలికొచ్చాక కూడా మామూలు రంగుకి రాలేదు. నలుపు తగ్గేదాకా ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం.

చొక్కా కొంచెం వదులుగా ఉందని ఆయన వెనక వైపు గుడ్డ లాగి మూడు క్లిప్పులు పెట్టారు. ముందు నుంచి చూస్తే కొలతలిచ్చి కుట్టించుకున్నట్టు, వెనక నుంచి చూస్తే దండెం మీద ఆరేసినట్టు ఉన్నాను. భుజం మీద వెంట్రుకలూ నూగూ టేపుతో తీసేసి, లైట్లు సరిచేసి తీయడం మొదలుపెట్టాక అసలు పని ఇరవై నిమిషాల్లో అయిపోయింది. మిగతా రెండు చొక్కాలు కూడా మార్చి తీశారు గానీ, ఆయనా నేనూ ఒకేసారి వేలు పెట్టింది నీలందాని మీదే.

ఫొటో వచ్చాక అక్కకి పంపాను. చాలాసేపు చూసినట్టుంది. "బాగుంది, కానీ కుడి వైపు కాలర్ కొంచెం లేచిందిరా" అని రాసింది. అప్పటిదాకా నాకు కనపడనే లేదు. ఇప్పుడు ఫొటో తెరిస్తే ముందు అదే కనపడుతోంది.